ఇన్వెస్టర్ రిలేషన్స్ ఉద్యోగం ఇస్తామంటున్నారు, ఒప్పుకోనా?

ప్రశ్న: నమస్కారం. నేను హైదరాబాద్‌లో ఒక మందుల కంపెనీ ఫైనాన్స్ విభాగంలో ఆరేళ్లుగా పనిచేస్తున్నాను. సీఏ చేశాను. పదో తరగతి దాకా వరంగల్ దగ్గర తెలుగు మీడియంలోనే చదివాను. పోయినేడాది మా కంపెనీ ఐపీఓకి వచ్చి లిస్టయింది. ఇప్పటిదాకా ఇన్వెస్టర్ల ఫోన్లన్నీ మా సీఎఫ్‌ఓ గారే చూసుకునేవారు. ఆయనకి తీరిక దొరక్క, ‘ఇన్వెస్టర్ రిలేషన్స్ నువ్వు తీసుకోమ్మా’ అంటున్నారు. ఎండీ గారు కూడా పిలిచి, ‘షేరు ధర కొంచెం చూసుకో, అంతే’ అన్నారు. అసలు ఈ ఉద్యోగంలో ఏం చెయ్యాలి? నాకు ఇంగ్లిష్ ధారాళంగా రాదు. ఎంబీఏ, సీఎఫ్‌ఏ లాంటివి చెయ్యాలా? షేరు పడితే తిట్లన్నీ నీకే అని మా మావయ్య గారు భయపెడుతున్నారు. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి మా బాబాయి ‘మీ షేరు కొనమంటావా’ అని అడుగుతూనే ఉన్నాడు. టెన్షన్‌గా ఉంది. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, ఒప్పుకోండి. మంచి ఉద్యోగం. ప్లాంటులో ఏం జరుగుతోంది, అమెరికాలో ధరలు ఎలా ఉన్నాయి, బ్యాంకు అప్పు ఎంత, బోర్డు ఏం ఆలోచిస్తోంది, ఇవన్నీ ఒకేచోట కూర్చుని తెలుసుకునే అవకాశం మీ వయసులో ఫైనాన్స్‌లో ఇంకే కుర్చీలోనూ దొరకదు. అయితే ఒప్పుకునే ముందు ఎండీ గారితో ఒక విషయం తేల్చుకోవాలి. ‘షేరు ధర చూసుకో’ అన్నారే, ఆ పని మీ చేతిలో ఉండదు. ఆయన చేతిలో కూడా ఉండదు.

మీ కంపెనీ సంగతే చూడండి. ఐపీఓలో యాంకర్ ఇన్వెస్టర్లకి, అంటే ఇష్యూ తెరవకముందే షేర్లు తీసుకునే పెద్ద ఫండ్లకి, ఇచ్చిన షేర్లలో సగానికి 30 రోజులు, మిగతా సగానికి 90 రోజులు లాక్-ఇన్ ఉంటుంది, అంటే అప్పటిదాకా అమ్మకూడదు. ప్రమోటర్లు (కంపెనీని పెట్టి నడిపేవాళ్లు) కాని పాత వాటాదారులకి సాధారణంగా ఆరు నెలలు. ఆ గడువు తీరిన రోజున ఎన్నో ఏళ్ల కిందట పెట్టుబడి పెట్టిన ప్రైవేట్ ఈక్విటీ ఫండు తన డబ్బు తను తీసుకుని వెళ్లిపోవాలనుకుంటుంది. అమ్ముతుంది. షేరు పడుతుంది. ప్లాంటులో ఆ రోజు కూడా ఎప్పటిలాగే మందులు తయారవుతూనే ఉంటాయి. అమెరికాలో వడ్డీ రేట్లు పెరిగి విదేశీ ఫండ్లు మన మార్కెట్లోంచి డబ్బు వెనక్కి తీసుకున్నా అంతే. ఇందులో మీరు చెయ్యగలిగింది ఏమీ లేదు. ధర పెంచడం నా బాధ్యత అని మీరు అనుకున్నారా, ఇక పడిన ప్రతిసారీ ఎవరికో ఫోన్ చేసి ఏదో ఒక తీపి కబురు చెప్పాలనిపిస్తుంది. ఈ ఉద్యోగంలో మనుషులు చెడిపోవడం మొదలయ్యేది అక్కడే.

మరి పని ఏమిటంటే, కంపెనీ గురించి తెలియాల్సిన సంగతి అందరికీ ఒకేసారి, ఒకేలా తెలిసేట్టు చూడటం. ఆరు నెలల కిందట చెప్పిన దానికీ ఇవాళ చెప్పేదానికీ మధ్య తేడా వస్తే, ఎవరూ అడగకముందే ఎందుకు వచ్చిందో చెప్పడం. బయటివాళ్లు మన గురించి ఏమనుకుంటున్నారో తగ్గించకుండా లోపలికి మోయడం. పెళ్లి సంబంధంలో ఇరువైపులవాళ్లూ నమ్మే పెద్దమనిషి ఒకరు ఉంటారు చూడండి, ఈ కుర్చీలో కూర్చునేవాళ్లకి అలాంటి పేరు ఉండాలి. ఆ పేరు రావడానికి రెండు మూడేళ్లు పడుతుంది. పోవడానికి ఒక్క ఫోన్ కాల్ చాలు.

ఇది కొత్తగా పుట్టిన పని కాదు. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ 1953లోనే వాటాదారుల కోసం ప్రత్యేక విభాగం పెట్టుకుంది. మన దగ్గర చట్టంలోనే చోటు ఉంది. షేర్ మార్కెట్‌ని నియంత్రించే సెబీ 2015లో తెచ్చిన ఇన్‌సైడర్ ట్రేడింగ్ (లోపలి సమాచారంతో షేర్లు కొనడం, అమ్మడం) నిబంధనల ప్రకారం ప్రతి లిస్టెడ్ కంపెనీ ఒక సీనియర్ అధికారిని చీఫ్ ఇన్వెస్టర్ రిలేషన్స్ ఆఫీసర్‌గా నియమించాలి. సమాచారం బయటికి సరిగ్గా వెళ్లేలా చూసే బాధ్యత ఆ పేరు మీద ఉంటుంది. మీ కంపెనీలో ఇప్పుడు ఆ పేరు ఎవరిదో అడగండి. బహుశా సీఎఫ్‌ఓదో, కంపెనీ సెక్రటరీదో అయ్యుంటుంది. రేపు మీ పేరు పెడతారా, లేక పని మీరు చేస్తే పేరు ఆయనదే ఉంటుందా అన్నది కాగితం మీద తేలాలి. మొహమాటపడకండి.

ఇక రోజువారీ పని. మీ ఏడాది నాలుగు ముక్కలుగా సాగుతుంది. క్వార్టర్ ముగిశాక 45 రోజుల్లోపు ఫలితాలు ఇవ్వాలి, ఆర్థిక సంవత్సరం మొత్తానివైతే 60 రోజుల్లోపు. ఫైనాన్స్‌లో ఉన్నారు కాబట్టి ఆ హడావిడి మీకు తెలుసు. మీకు తెలియనిది, బోర్డు గదిలోంచి ఆ కాగితం బయటికి వచ్చాక జరిగేది. మార్కెట్ నడుస్తుండగా బోర్డు మీటింగ్ ముగిస్తే అరగంటలో ఫలితాలు ఎన్‌ఎస్‌ఈ, బీఎస్‌ఈ రెండింటికీ చేరాలి. మార్కెట్ మూసేశాక ముగిస్తే మూడు గంటల టైమ్ ఉంటుంది. ఆ తర్వాత ప్రెజెంటేషన్, ప్రెస్ రిలీజ్, మర్నాడో ఆ సాయంత్రమో ఇన్వెస్టర్లు, షేర్లని విశ్లేషించే అనలిస్టులు అందరితో ఒకేసారి ఫోన్లో మాట్లాడే కాన్‌కాల్. కాల్ ఉందని కనీసం రెండు పనిదినాల ముందే ఎక్స్ఛేంజీలకి చెప్పాలి. కాల్ అయ్యాక ఆడియో రికార్డింగు 24 గంటల్లోపు, అంతకంటే ముందే మార్కెట్ మళ్లీ తెరుచుకుంటే అప్పటికల్లా పెట్టాలి. మాటకి మాట రాసిన ట్రాన్స్‌క్రిప్టు ఐదు పనిదినాల్లో పెట్టాలి. అంటే మీ ఎండీ గారు కాల్‌లో తొందరపడి అన్న మాట కూడా అక్షరాల్లో నిలిచిపోతుంది. ఏడాది తర్వాత ఎవరో ఒక కుర్ర అనలిస్టు ఆ పేజీ తీసి, ‘సార్, పోయిన మే నెలలో మీరు ప్లాంటులో కొత్త బ్లాకు డిసెంబర్‌కి రెడీ అవుతుందన్నారు’ అని మొదలుపెడతాడు.

కాల్ ఎలా నడుస్తుందో ఒకసారి దగ్గరగా చూడండి. మోడరేటర్ వచ్చి ప్రశ్న అడగాలంటే స్టార్, వన్ నొక్కమంటాడు. ఎండీ గారు పది నిమిషాలు, సీఎఫ్‌ఓ గారు పది నిమిషాలు మాట్లాడతారు. వీళ్ల మాటలు ఎవరూ పెద్దగా పట్టించుకోరు, అప్పటికే కాగితంలో చదివేసి ఉంటారు. అసలు కాల్ ప్రశ్నలతో మొదలవుతుంది. ‘గ్రాస్ మార్జిన్ రెండు శాతం తగ్గింది. ముడిసరుకు ఖరీదు పెరిగా, అమెరికాలో ధరలు తగ్గా, లేక తక్కువ లాభం వచ్చే మందులు ఎక్కువ అమ్మడం వల్లా?’ అని మొదటి మనిషే అడుగుతాడు. జవాబు ‘మూడూ కొంచెం కొంచెం’ అయితే తర్వాతి నలుగురూ అదే ప్రశ్నని నాలుగు రకాలుగా అడుగుతారు. ‘ఇందులో పెద్ద భాగం ముడిసరుకుది, అది పోయిన క్వార్టర్‌లో ఎక్కువ ధరకి కొన్న స్టాకు, ఆ స్టాకు అయిపోయింది’ అని సూటిగా చెబితే సంభాషణ ముందుకి కదులుతుంది. ఆ సూటి జవాబు ఎండీ గారి నోట్లో ఉండాలంటే వారం ముందే మీరు పర్చేజ్ వాళ్ల దగ్గర కూర్చుని తవ్వి ఉండాలి. రాబోయే ప్రశ్నల చిట్టా రాసి, ఒక్కొక్కదానికి లెక్కతో జవాబు పెట్టి, ముందు రోజు ఎండీ గారినీ సీఎఫ్‌ఓ గారినీ కూర్చోబెట్టి మీరే కఠినమైన అనలిస్టులా అడగాలి. ఈ రిహార్సల్‌కి పెద్దవాళ్లు బద్ధకిస్తారు. వదలకండి. ఈ ఉద్యోగంలో సగం విలువ ఆ గంటన్నరలో ఉంది.

ఇప్పుడు అన్నిటికంటే జాగ్రత్తగా వినాల్సిన సంగతి. క్వార్టర్ ముగిసిన రోజు నుంచి ఫలితాలు ప్రకటించిన 48 గంటల దాకా కంపెనీలో లోపలి సమాచారం తెలిసినవాళ్లకి ట్రేడింగ్ విండో మూసేస్తారు, అంటే వాళ్లు కంపెనీ షేర్లు కొనకూడదు, అమ్మకూడదు. చాలా కంపెనీలు ఆ రోజుల్లో ఇన్వెస్టర్లని కలవడం కూడా ఆపేస్తాయి. మీరూ ఆపేయించండి. మిగతా రోజుల్లో ఒక్కొక్కరినే కలిసే మీటింగులు ఉంటాయి. ముంబైలో బాంద్రా కుర్లా కాంప్లెక్స్‌లో ఒక ఫండు ఆఫీసు నుంచి ఇంకో ఫండు ఆఫీసుకి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తిరుగుతారు. అక్కడ ఎవరూ మిమ్మల్ని ‘లోపలి సమాచారం చెప్పండి’ అని అడగరు. చాలా మర్యాదగా, ‘మార్కెట్ అంతా మీ లాభం 150 కోట్లు వస్తుందనుకుంటోంది, మీకు ఆ అంకె ఇబ్బందిగా లేదు కదా?’ అంటారు. మీరు నవ్వినా జవాబే, ముఖం చిట్లించినా జవాబే. కాసేపు ఆగి ‘చూద్దాం’ అన్నా రాసుకుంటారు. మంచి అంకె అడిగినప్పుడూ, చెడ్డ అంకె అడిగినప్పుడూ, అసలు అంకెలే ఖరారు కానప్పుడూ ఒకే మాట, ఒకే గొంతుతో చెప్పాలి: ‘మేము ఎవరి అంచనాల మీదా మాట్లాడం. పోయిన కాల్‌లో చెప్పినదే ఇప్పుడూ మా మాట.’ ఇది అభ్యాసంతో వస్తుంది. అద్దం ముందు నిలబడి చెప్పుకోండి, తప్పేం లేదు.

ఇంకోటి వస్తుంది. అనలిస్టు తను వేసుకున్న ఎక్సెల్ లెక్క మీకు మెయిల్ చేసి, ‘తప్పులుంటే చూసి చెప్పండి’ అంటాడు. పాత సంవత్సరాల అంకెల్లో తప్పుంటే చెప్పండి. ప్లాంటు సామర్థ్యం తప్పుగా రాసుకుంటే, అది ఇదివరకే బయటపెట్టిన సంగతైతే, ఎక్కడ ఉందో చూపించండి. వచ్చే ఏడాది అంకెల జోలికి మాత్రం వెళ్లకండి. ఆ వరుసలు చూడలేదన్నట్టే ఉండండి.

ఒకవేళ మీ ఎండీ గారు ఏ మీటింగులోనో మాట జారితే, దాన్ని దాచిపెట్టకూడదు. ఒకరికి పొరపాటున తెలిసిన సంగతి వెంటనే అందరికీ తెలిసేలా ఎక్స్ఛేంజీలో పెట్టాలని నిబంధనల్లోనే ఉంది. మీటింగ్ గది బయటికి రాగానే కంపెనీ సెక్రటరీకి ఫోన్ చెయ్యాల్సింది మీరే. 2017లో పన్నెండు కంపెనీల ఫలితాల అంకెలు ప్రకటనకి ముందే వాట్సాప్ గ్రూపుల్లో తిరిగాయని వార్త వచ్చింది. ఆ వ్యవహారం సెబీ దగ్గర, అప్పీలు ట్రిబ్యునల్లో, చివరికి సుప్రీంకోర్టులో ఏళ్ల తరబడి నడిచింది. అంకెలు ఎవరి ఫోన్లలో ఉన్నాయన్నది ఎంత పెద్ద విషయమో దీన్నిబట్టి అర్థం చేసుకోండి. ఫలితాల డ్రాఫ్టు ఎవరెవరికి చేరిందో తేదీ, టైమ్‌తో సహా కంప్యూటర్లో రికార్డు చెయ్యాలన్నది కూడా నిబంధనే.

మందుల కంపెనీ కాబట్టి ఒక ప్రత్యేకమైన పరీక్ష మీకు తప్పదు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇన్‌స్పెక్టర్లు ప్లాంటుకి వస్తారు. తప్పులు కనిపిస్తే చివరి రోజు ఫామ్ 483 అనే కాగితం చేతిలో పెడతారు. కంపెనీ 15 పనిదినాల్లో జవాబు పంపుకుంటే మంచిది. అయితే ఆ సాయంత్రానికే షిఫ్టు దిగి ఇంటికెళ్లే ప్రతి మనిషికీ ‘ఎన్ని అబ్జర్వేషన్లు’ అన్నది తెలిసిపోయి ఉంటుంది. మీ మెయిల్ డబ్బా నిండుతుంది. కంపెనీ లోపల జరిగిన ముఖ్యమైన సంగతిని 12 గంటల్లోపు, బయటి నుంచి వచ్చిపడిన దాన్ని 24 గంటల్లోపు ఎక్స్ఛేంజీకి చెప్పాలన్నది సెబీ నియమం. ఇది ఎంత ముఖ్యమైనది, ఎప్పుడు చెప్పాలి అన్నది కంపెనీ సెక్రటరీ, సీఎఫ్‌ఓ, క్వాలిటీ హెడ్ కలిసి తేలుస్తారు. ఆ గదిలో మీరు ఉండాలి. ఎందుకంటే అక్కడ ఎవరో ఒకరు తప్పకుండా, ‘ఇవి చిన్నవే, ప్రొసీజర్‌కి సంబంధించినవే అని రాసేద్దాం’ అంటారు. ఆ కాగితం అక్కడితో ఆగదు. అమెరికాలో సమాచార చట్టం కింద ఎవరైనా దరఖాస్తు చేసి 483 కాపీ తెచ్చుకోవచ్చు, మందుల కంపెనీలని చూసే అనలిస్టులు తెచ్చుకుంటారు కూడా. అందులో డేటా మార్చారనో, రికార్డులు చించేశారనో ఉండి, మీరు మాత్రం ‘చిన్నవే’ అని రాసి ఉంటే, ఆ తర్వాత మీరు నిజం చెప్పినా ఎవరూ నమ్మరు. క్వాలిటీ హెడ్‌ని పక్కకి పిలిచి ఆ కాగితం మొత్తం మీరే చదవండి. అర్థం కాని మాటలు అడిగి తెలుసుకోండి. ఆ తర్వాతే రాయండి.

మన హైదరాబాద్‌లో ఈ మాట చెప్పేటప్పుడు సత్యం కంప్యూటర్స్ పేరు ఎత్తకుండా ఉండలేం. 2008 సెప్టెంబర్‌లో ఆ కంపెనీకి కార్పొరేట్ గవర్నెన్స్‌కి గోల్డెన్ పీకాక్ అవార్డు ఇచ్చారు. డిసెంబర్ 16న, ప్రమోటర్ కుటుంబానికి సంబంధించిన మేటాస్ ప్రాపర్టీస్‌ని పూర్తిగా, మేటాస్ ఇన్‌ఫ్రాలో 51 శాతాన్ని కలిపి సుమారు 160 కోట్ల డాలర్లకి కొంటామని ప్రకటించారు. ఐటీ కంపెనీ డబ్బుతో ఇంటివాళ్ల రియల్ ఎస్టేట్ కొనడమేమిటని ఇన్వెస్టర్లు మండిపడ్డారు. అమెరికా మార్కెట్లో ఆ కంపెనీ షేరుకి బదులుగా నడిచే ఏడీఆర్ సగానికి పైగా పడింది. గంటల్లోనే ఆ నిర్ణయం వెనక్కి తీసుకున్నారు. 2009 జనవరి 7న సత్యం చైర్మన్ రామలింగరాజు గారి లేఖ బయటికొచ్చింది. పుస్తకాల్లో చూపించిన నగదులో 5,040 కోట్ల రూపాయలు అసలు లేవు. ముందటి సెప్టెంబర్ క్వార్టర్‌లో 24 శాతమని చూపించిన మార్జిన్ నిజానికి 3 శాతం. ఆ ఒక్క రోజులో షేరు 70 శాతానికి పైగా పోయింది. పిల్లల చదువులకని, పెళ్లిళ్లకని దాచుకున్న డబ్బు అందులో పెట్టినవాళ్లు మన ఊళ్లలో ఎంతమందో.

ఇది మీకు ఎందుకు చెబుతున్నానంటే, ఇన్వెస్టర్ రిలేషన్స్ ఎంత బాగా చేసినా లెక్కలు అబద్ధమైతే ఆ పనితనమంతా అబద్ధాన్ని అందంగా అమ్మడానికే ఉపయోగపడుతుంది. మీరు సీఏ. ఈ కుర్చీలోకి వచ్చాక కూడా సీఏగానే ఉండండి. నగదు నిల్వ పెద్దగా ఉండి కూడా అప్పు ఎందుకు చేస్తున్నారని ఇన్వెస్టరు అడిగితే, ఆ ప్రశ్న మీకూ రావాలి. సరైన జవాబు మీకు దొరక్కపోతే, దొరికేదాకా బయట ఆ విషయం మీద మాట్లాడకండి.

దీనికి పూర్తిగా వేరే రకం ఉదాహరణ ఇన్ఫోసిస్. 2013 ఏప్రిల్ 12న వాళ్లు ఆ ఏడాది ఆదాయం 6 నుంచి 10 శాతం పెరుగుతుందని చెప్పారు. మార్కెట్ అంతకంటే ఎక్కువ ఆశించింది. షేరు ఒక్క రోజులో 21 శాతం పడింది. అక్కడ మోసం లేదు, లెక్క తప్పు లేదు. చెప్పిన మాటకీ జనం ఆశకీ మధ్య దూరం, అంతే. మీలాంటి కొత్త కంపెనీ ఇలాంటి ముందస్తు అంచనా (గైడెన్స్) ఇవ్వాలా వద్దా అని మిమ్మల్ని అడుగుతారు. నా అభిప్రాయం అడిగితే, మొదటి రెండేళ్లు అంకెల గైడెన్స్ వద్దు. కొత్త బ్లాకు ఎప్పుడు పూర్తవుతుంది, ఎంత ఖర్చవుతుంది, ఎన్ని మందులకి అమెరికాలో దరఖాస్తు పెడతారు, ఇలా మీ చేతిలో ఉన్న పనుల గురించి మాటివ్వండి. ఇచ్చిన మాటల జాబితా ఒకటి మీ దగ్గర పెట్టుకుని, ప్రతి కాల్‌కి ముందు ఎండీ గారికి చూపించండి.

లోపలికి మోసే పని గురించి రెండు మాటలు. చాలాచోట్ల ఇది జరగదు, అందుకే చెబుతున్నాను. ప్రతి క్వార్టర్ తర్వాత బోర్డుకి రెండు పేజీల నోటు పంపండి. ఎవరు కొన్నారు, ఎవరు అమ్మారు, ఎందుకు. వాటాదారుల లెక్క చూసే రిజిస్ట్రార్ దగ్గర వారం వారం వచ్చే బెన్‌పోస్ జాబితా చూస్తే, షేర్లు ఎలక్ట్రానిక్‌గా దాచే డిపాజిటరీల్లో ఎవరి పేరు మీద ఎన్ని షేర్లున్నాయో తెలుస్తుంది. పాత జాబితా పక్కన పెట్టుకుని చూడటం అలవాటు చేసుకోండి. ఎక్సెల్ వచ్చినవాళ్లకి అరగంట పని. ఆ నోటులో ఇన్వెస్టర్ల చేదు మాటలు కూడా ఉన్నవి ఉన్నట్టు రాయండి. ‘ప్రమోటర్ గారి అబ్బాయి జీతం ఎక్కువంటున్నారు’ అని రాయడానికి చెయ్యి వణుకుతుంది. కానీ అది బోర్డుకి ముందు తెలియాలి. ఓటింగులో తెలిస్తే ఆలస్యమైపోతుంది. 2021 ఆగస్టులో ఐషర్ మోటార్స్‌లో సిద్ధార్థ లాల్‌ని మళ్లీ ఎండీగా నియమించే ప్రత్యేక తీర్మానం వీగిపోయింది. ఆయన పనితీరు మీద కోపంతో కాదు, జీతం పెంపు మీద. ఆ తర్వాత జీతం పరిమితి తగ్గించి బోర్డు మళ్లీ ముందుకి తీసుకెళ్లింది. ప్రత్యేక తీర్మానానికి 75 శాతం ఓట్లు కావాలి. పెద్ద ఫండ్లు, ఓటు ఎలా వెయ్యాలో వాళ్లకి సలహా ఇచ్చే ప్రాక్సీ సంస్థలు ఏమనుకుంటున్నాయో నోటీసు పంపకముందే కనుక్కోవడం మీ పనే.

చిన్న వాటాదారులని మాత్రం చిన్నచూపు చూడకండి. దేశంలో డీమ్యాట్ ఖాతాలు 2022 ఆగస్టులోనే 10 కోట్లు దాటాయి. గుంటూరు నుంచి ఒక రిటైర్డ్ టీచరు గారు డివిడెండ్ పడలేదని ఫోన్ చేస్తారు. అది రిజిస్ట్రార్ చూసే పని, నిబంధనలు పాటించేలా చూసే కంప్లయన్స్ ఆఫీసర్ జవాబుదారీ. అయినా ఆయన్ని ఇంకో నంబరుకి తోసెయ్యకుండా, మీరే వివరం రాసుకుని, పని అయ్యాక తిరిగి ఫోన్ చెయ్యండి. ఏడాదికోసారి జరిగే వాటాదారుల సభ ఏజీఎంలో వీడియోలోకి వచ్చి మాట్లాడే షేర్‌హోల్డర్లలో మన తెలుగువాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లతో తెలుగులో సావకాశంగా మాట్లాడగలగడం మీకున్న బలం.

ఇంగ్లిష్ గురించి భయం తీసేయండి. కాల్‌లో మెచ్చుకునేది యాసని కాదు, స్పష్టతని. చిన్న వాక్యం, అందులో ఒక అంకె, ఆ అంకెకి ఒక కారణం. మీకు ఇది వస్తే చాలు. ధారాళంగా మాట్లాడేవాళ్లు తరచూ అవసరానికి మించి మాట్లాడతారు, ఈ ఉద్యోగంలో అది ప్రమాదం. రాయడం మాత్రం బాగా సాధన చెయ్యాలి, ఎందుకంటే ప్రెస్ రిలీజు, ఎక్స్ఛేంజీకి వెళ్లే లేఖ, వార్షిక నివేదికలో ఎండీ గారి ముందుమాట అన్నీ మీ దగ్గరికే వస్తాయి. మీ డ్రాఫ్టు తీసుకుని అందులోంచి ‘బలమైన’, ‘అద్భుతమైన’ లాంటి మాటలు కొట్టేసి చూడండి. ఏమీ మిగలకపోతే ఆ పేరాలో సంగతి లేనట్టే.

చదువుల సంగతి. ఎంబీఏ అవసరం లేదు. సీఎఫ్‌ఏ చేస్తే ఫండ్ మేనేజర్ ఎలా ఆలోచిస్తాడో తెలుస్తుంది, మంచిదే, కానీ అది లేదని ఉద్యోగం వదులుకోకండి. సెబీ పెట్టిన శిక్షణ సంస్థ ఎన్‌ఐఎస్‌ఎం వాళ్ల రీసెర్చ్ అనలిస్ట్ పరీక్ష ఉంది, దాని పుస్తకం చదివితే మీ ఎదురుగా కూర్చునే మనిషి చేసే పని తెలుస్తుంది. వీటన్నిటికంటే ముందు ప్లాంటుకి వెళ్లండి. రియాక్టర్ దగ్గర నిలబడి ఏ మందు ఎక్కడ తయారవుతుందో, ఒక బ్యాచికి ఎన్ని రోజులు పడుతుందో, ఏది ఆగితే ఏది ఆగుతుందో అడగండి. ఆఫీసులో కూర్చుని నేర్చుకున్న ఇన్వెస్టర్ రిలేషన్స్ ఆఫీసరు రెండో ప్రశ్న దగ్గర దొరికిపోతుంది.

మీ బాబాయి గారి విషయం నవ్వి ఊరుకునేది కాదు. కొనమన్నా, వద్దన్నా, ‘ఒక నెల ఆగు బాబాయ్’ అన్నా సలహానే. మీరు దానివల్ల పైసా సంపాదించకపోయినా, లోపలి సమాచారం బయటికి చెప్పడమే నేరం. ఇన్‌సైడర్ ట్రేడింగ్‌కి సెబీ చట్టంలో జరిమానా కనీసం 10 లక్షలు. 25 కోట్లు, వచ్చిన లాభానికి మూడు రెట్లు, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే అంతదాకా పోవచ్చు. ‘బాబాయ్, మా కంపెనీ షేరు గురించి నన్ను ఇంకెప్పుడూ అడగొద్దు, నా ఉద్యోగం పోతుంది’ అని ఒకసారి గట్టిగా చెప్పండి. మీ భర్త డీమ్యాట్ ఖాతాలో మీ కంపెనీ షేర్లుంటే అమ్మినా కొన్నా విండో తెరిచి ఉన్నప్పుడే, నిర్ణీత విలువ దాటితే ముందు అనుమతితోనే. కొన్నాక ఆరు నెలల దాకా అమ్మకూడదు, అమ్మాక ఆరు నెలల దాకా కొనకూడదు. ఇది ఆయనకి మీరే కూర్చోబెట్టి చెప్పాలి.

మావయ్య గారి భయంలో కొంత నిజముంది. షేరు పడిన రోజు ఫోన్లు వస్తాయి, కొందరు దురుసుగా మాట్లాడతారు. ఆ రోజు ఫోన్ ఎత్తండి. ఇన్వెస్టర్లు ఎక్కువకాలం గుర్తుపెట్టుకునేది చెడ్డ క్వార్టర్‌లో ఎవరు దొరికారు, ఎవరు దొరకలేదు అన్నదే. కొత్త సంగతి చెప్పక్కర్లేదు, ఎక్స్ఛేంజీలో పెట్టినదే ఓపికగా మళ్లీ చెప్పండి. తిట్టినవాళ్లలోనే కొందరు ఏడాది తర్వాత పెద్ద వాటాదారులవుతారు. ఇది నేను చాలాసార్లు చూశాను.

ఇక ఎండీ గారితో మాట్లాడే పద్ధతి. ‘సార్, ధర నేను చూసుకోలేను. ఒకటే మాట అందరికీ ఒకేసారి వెళ్లేలా చూస్తాను, బయట ఏమనుకుంటున్నారో మీకు ఉన్నది ఉన్నట్టు చెబుతాను’ అనండి. అందుకు మీకు కావాల్సినవి కూడా అక్కడే అడగండి. ఫలితాల చర్చ జరిగే గదిలో చోటు, ప్లాంట్ హెడ్‌ని, క్వాలిటీ హెడ్‌ని నేరుగా అడిగే వీలు, ఏదైనా బయటికి చెప్పకూడదని మీరంటే సీఎఫ్‌ఓ గారు ఆగి వినే ఒప్పందం. మీ పని కొలవడానికి షేరు ధర కాకుండా ఏం చూడాలో కూడా మీరే చెప్పండి: మీ కంపెనీని ఎంతమంది అనలిస్టులు చూస్తున్నారు, ఎక్కువకాలం ఉండే ఫండ్ల వాటా పెరిగిందా, ఎక్స్ఛేంజీ నుంచి వివరణ అడిగే లేఖలు ఎన్ని వచ్చాయి. ఆయన ఇవన్నీ విని కూడా ‘అదంతా సరే, ధర మాత్రం పెంచు’ అంటే ఫైనాన్స్‌లోనే ఉండిపోండి. ఆలోచిస్తానంటే మంచి సూచన.

ఆ మీటింగు లోపు ఈ పని చెయ్యండి. ముందు మీ కంపెనీ ఐపీఓ ప్రాస్పెక్టస్‌లో రిస్కుల భాగం మొత్తం చదవండి, మిమ్మల్ని అడిగే ప్రశ్నల్లో చాలావరకు అందులోనే ఉన్నాయి. తర్వాత ఎక్స్ఛేంజీ వెబ్‌సైట్లలో డాక్టర్ రెడ్డీస్, అరబిందో, లారస్, గ్లాండ్ ఫార్మా కాన్‌కాల్స్ తీసి వినండి. ప్రశ్న పూర్తవగానే ఆడియో ఆపి, జవాబు మీరే కాగితం మీద రాసి, ఆ తర్వాత వాళ్లు ఏం చెప్పారో వినండి. ఎక్కడ సూటిగా చెప్పారు, ఎక్కడ దాటేశారు అన్నది మీకే తెలుస్తుంది. ఉద్యోగం ఖాయమైన రోజున మీ ఇంట్లోవాళ్ల పాన్ నంబర్లు, ఫోన్ నంబర్లు కంప్లయన్స్ ఆఫీసర్‌కి రాసిచ్చేయండి.